బోర్డుకు ప్రోగ్రాం ఎక్కకపోతే: కేబుల్ నుంచి చిప్ దాకా వరుసగా వెతికే పద్ధతి

దామలచెరువు, పాకాల వైపు మామిడి తోటల్లో డ్రిప్పు వేసినవాళ్లను అడిగి చూడండి. చివరి వరుస చెట్లకు నీళ్లు అందకపోతే వాళ్లు నేరుగా ఆ చివరి చెట్టు దగ్గరికి పోయి పైపు తవ్వరు. మోటారు దగ్గర మొదలుపెడతారు. బోరు పోస్తోందా, ఫిల్టర్ దాటిందా, మొదటి గేటువాల్వు దాటిందా అని నడుచుకుంటూ వస్తారు. ఎక్కడిదాకా నీళ్లున్నాయి, ఎక్కడ లేవు అన్నది తేలితే తప్పు ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

కంప్యూటర్ నుంచి బోర్డుకు ప్రోగ్రాం పోయేది సీరియల్ కనెక్షన్ మీద, అంటే బిట్లు ఒకదాని వెనక ఒకటి నడిచే దారి మీద. అందులో తప్పు వెతకడానికీ ఇదే దారి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీకి దగ్గర్లో మేం నడిపే చిన్న వర్క్‌షాపుకు డిప్లొమా, బీటెక్ పిల్లలు ప్రాజెక్టు బోర్డులు పట్టుకుని వస్తుంటారు. పోయినేడాది ఒకమ్మాయి ఈఎస్‌పీ32 అనే వైఫై మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిప్) ఉన్న బోర్డుతో వచ్చింది. వాళ్ల నాన్న తోటలో మోటారు ఎప్పుడు ఆన్ అయింది, ఎంతసేపు నడిచింది అన్నది మెమరీ కార్డులో రాసి పెట్టే ప్రాజెక్టు. "అన్నా, మొన్న రాత్రి దాకా బాగానే ఎక్కింది. కార్డు తగిలించినప్పట్నుంచి ఏందేందో ఎర్రర్లు వస్తానే ఉండాయి. విండోస్ కూడా మళ్లీ వేసినా" అంది. మూడు రోజులు పోయాయి ఆ పిల్లకు. కోడ్ మార్చింది, డ్రైవర్ మార్చింది, కేబుల్ మార్చింది, చివరికి విండోసూ మార్చింది. అన్నీ ఒకేసారి మార్చేసరికి దేనివల్ల ఏం జరిగిందో చెప్పే దారే లేకుండా పోయింది. ఆ బోర్డు జబ్బేమిటో దాని మెట్టు వచ్చినప్పుడు చెబుతాను.

అందుకే ఈ పని మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకం తెరవండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాయండి, వచ్చిన మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా రాయండి. తేడా రాకపోతే ఆ మార్పును వెనక్కి తీసి తర్వాతి మెట్టుకు పోండి.

చేతికందేలా ఉంచుకోవాల్సినవి

బీప్ వచ్చే మల్టీమీటర్. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫొటోలు ఎక్కించి చూసిన, అంటే డేటా పోతుందని మీకు రూఢిగా తెలిసిన యూఎస్‌బీ కేబుల్ ఒకటి. విడిగా, యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ ఒకటి. నాలుగు జంపర్ వైర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు. ఊళ్లో దొరకనిది ఉంటే చెన్నై రిచ్ స్ట్రీట్‌కు పోయి వచ్చేవాళ్లు మనలో చాలామందే. అలా పోయినప్పుడు అడాప్టర్ ఒకటి కాదు, రెండు తెచ్చుకోండి. ఒకటి బాగుందో లేదో తేల్చడానికి రెండోది కావాలి.

ముందుగా ప్రాణం సంగతి

మన ప్రాంతంలో ఈ బోర్డులు ఎక్కువగా చేరేది బోరు మోటారు స్టార్టర్ బాక్సుల్లోకి. అక్కడ త్రీఫేజ్, 415 వోల్టులు. కొన్ని చౌక కంట్రోల్ బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్ ద్వారా కరెంటు తగ్గించి నేరుగా చిప్‌కు ఇస్తారు. అలాంటి బోర్డులో గ్రౌండ్ అని రాసి ఉన్న పిన్ను కూడా మెయిన్స్‌కు అంటుకునే ఉంటుంది. దానికి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ తగిలిస్తే ల్యాప్‌టాప్ పోవడం చిన్న నష్టం, మనిషే పోవచ్చు. కాబట్టి స్టార్టర్ బాక్సులోని బోర్డుకు ప్రోగ్రాం ఎక్కించాలంటే మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు పీకి, బోర్డును బయటికి తీసి, యూఎస్‌బీ కరెంటుతోనే ఎక్కించండి. తోటలో గట్టు మీద కూర్చుని, మెయిన్స్ ఉండగా, "ఒక్క లైనే మార్చాలి కదా" అని ఎప్పుడూ చేయకండి.

మొదటి మెట్టు: కంప్యూటర్‌కు బోర్డు కనిపిస్తోందా?

బోర్డు తగిలించకముందు విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పోర్ట్స్ అన్న వరుస విప్పి పెట్టుకోండి. ఇప్పుడు కేబుల్ తగిలించండి. కొత్త పేరు ఒకటి వచ్చి చేరాలి. పీకితే పోవాలి, మళ్లీ పెడితే రావాలి. ఉబుంటులో అయితే డీమెసేజ్ కమాండ్ నడుస్తూ ఉండగా తగిలించండి, నాలుగైదు లైన్లు పడతాయి. బోర్డు మీద ఎర్ర లైటు వెలిగిందని సంతోషించవద్దు. ఆ లైటు కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది.

లైటు వెలిగి కంప్యూటర్‌లో ఏమీ రాకపోతే మొదటి అనుమానం కేబుల్ మీదే. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలు: కరెంటుకు ఎరుపు, నలుపు, డేటాకు ఆకుపచ్చ, తెలుపు. చార్జింగ్‌కు మాత్రమే చేసిన కేబుళ్లలో ఆ ఆకుపచ్చ, తెలుపు తీగలే ఉండవు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌లో పెట్టే పెద్ద ప్లగ్ లోపల వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. అంచున ఉన్న రెండూ కొంచెం పొడవు, అవి కరెంటువి. మధ్యలో ఉన్న రెండూ కొంచెం పొట్టి, అవే డేటావి. కొన్ని చార్జింగ్ కేబుళ్లలో మధ్య పట్టీలే ఉండవు, కంటితోనే తేలిపోతుంది. నాలుగూ ఉన్నా లోపల తీగ లేకపోవచ్చు, కాబట్టి రూఢిగా తెలిసిన కేబుల్ పెట్టి చూడటమే గట్టి పరీక్ష. ఒకసారి చార్జింగ్ కేబుల్ అని తేలితే దాని మెడకు ఎర్ర ఇన్సులేషన్ టేప్ చుట్టేయండి. లేకపోతే అది మళ్లీ మీ చేతికే వస్తుంది.

కేబుల్ మంచిదే అయినా పోర్టు వచ్చి పోతుంటే బోర్డు మీది సాకెట్ చూడండి. మైక్రో యూఎస్‌బీ సాకెట్ పక్క చెవులు బోర్డుకు అతికిన చోట సోల్డర్ పగులుతుంది. గోటితో సాకెట్‌ను పై నుంచి మెల్లగా అదిమి పట్టుకోండి. అదిమినప్పుడు పోర్టు వచ్చి, వదిలితే పోతుంటే దొరికినట్టే. సన్నని మొనతో చెవులకు మళ్లీ సోల్డర్ పెట్టాలి. హబ్ వాడుతుంటే అదీ తీసి నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

రెండో మెట్టు: ఏ చిప్, ఏ డ్రైవర్?

మీ మైక్రోకంట్రోలర్‌కు, కంప్యూటర్‌కు మధ్య ఒక దుబాసీ చిప్ ఉంటుంది. యూఎస్‌బీ భాషను సీరియల్ భాషలోకి మార్చడం దాని పని. డ్రైవర్ కావాల్సింది దానికే, ఈఎస్‌పీ32కో, ఆర్డుయినోలో ఉండే ఆట్‌మెగా చిప్‌కో కాదు. బోర్డు మీద యూఎస్‌బీ సాకెట్ పక్కనున్న నల్ల చిప్ మీద సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చదవండి. చదవలేకపోతే కంప్యూటర్‌నే అడగండి: ఉబుంటులో ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్, విండోస్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీలు. 1ఏ86:7523 అని ఉంటే సీహెచ్340. 10సీ4:ఈఏ60 అయితే సీపీ2102. 0403:6001 అయితే ఎఫ్‌టీ232. 067బీ:2303 అయితే పీఎల్2303. 2341తో మొదలైతే అసలు ఆర్డుయినో.

డ్రైవర్ ఆ చిప్ తయారీదారు సైటు నుంచే దించుకోండి. పీఎల్2303 పాత రకాలకు, వాటి నకిలీలకు కొత్త విండోస్ డ్రైవర్ పని చేయదు, "2012 నుంచి ఆపేశాం" అన్న అర్థం వచ్చే మాట డివైస్ మేనేజర్‌లోనే చూపిస్తుంది. 2014లో ఎఫ్‌టీ232 తయారుచేసే ఎఫ్‌టీడీఐ వాళ్ల డ్రైవర్ నకిలీ చిప్‌ల ఐడీని సున్నాగా మార్చేసి వాటిని పనికిరాకుండా చేసింది. ఇలాంటి చోట మీ తప్పేమీ లేదు. పాత అడాప్టర్‌తో కుస్తీ పట్టే బదులు సీపీ2102 అడాప్టర్ ఒకటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఉబుంటు 22.04లో చాలామందిని ఏడిపించిన చిక్కు ఒకటి ఉంది. సీహెచ్340 బోర్డు తగిలించగానే పోర్టు వస్తుంది, రెండు సెకన్లలో మాయమవుతుంది. డీమెసేజ్‌లో చూస్తే బీఆర్ఎల్‌టీటీవై అన్న పేరు కనిపిస్తుంది. అది చూపు లేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రాం. ఒక రకం బ్రెయిలీ పరికరానికీ సీహెచ్340కీ ఐడీ ఒకటే కావడంతో మీ బోర్డును తనదనుకుని లాక్కుంటుంది. మీ కంప్యూటర్‌లో బ్రెయిలీ పరికరం ఎవరూ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. కాలేజీ ల్యాబ్‌లో, అందరూ వాడే మెషీన్‌లో మాత్రం అడగకుండా తీయకండి, అది ఒకరికి కళ్లతో సమానం కావచ్చు. అక్కడ పరికరాలను గుర్తుపట్టే యూడెవ్ రూల్స్‌లో ఈ ఐడీ ఉన్న ఒక్క లైనును ఆపేస్తే సరిపోతుంది.

మూడో మెట్టు: పోర్టు ఉంది, తెరుచుకోవడం లేదు

విండోస్‌లో "యాక్సెస్ ఈజ్ డినైడ్", "పోర్ట్ బిజీ" అంటే ఆ పోర్టును ఇంకొకరు పట్టుకుని ఉన్నారని అర్థం. ఒక పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. వెనక తెరిచి మరిచిన సీరియల్ మానిటర్ (బోర్డుతో అక్షరాలు పంపుకునే కిటికీ), రెండో ఐడీఈ (కోడ్ రాసి ఎక్కించే ప్రోగ్రాం) కిటికీ, ఎప్పుడో నడిపిన పైథాన్ స్క్రిప్టు చూడండి. అన్నీ మూసి బోర్డు పీకి మళ్లీ పెట్టండి.

లినక్స్‌లో "పర్మిషన్ డినైడ్" వస్తే మీ యూజర్ డయలౌట్ గ్రూపులో లేరన్నమాట. యూజర్‌మాడ్ కమాండుతో చేర్చి, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. పిల్లలు ఇక్కడే ఆగిపోతారు, గ్రూపులో చేర్చాం కదా అనుకుని. ప్రతిసారీ సూడోతో ఐడీఈ నడపడం అలవాటు చేసుకోకండి, ఫైళ్లన్నీ రూట్ పేరుకు మారిపోయి వేరే చిక్కులు వస్తాయి.

నాలుగో మెట్టు: ప్రతిధ్వని పరీక్ష

ఈ మెట్టు ఒక్కటి నేర్చుకుంటే చాలు, సగం సమయం మిగులుతుంది. లూప్‌బ్యాక్ అంటారు. కంప్యూటర్ పంపిన అక్షరం కంప్యూటర్‌కే తిరిగి వచ్చేలా దారిని మధ్యలో మడవడం.

విడి అడాప్టర్ అయితే దాని టీఎక్స్ (పంపేది), ఆర్ఎక్స్ (అందుకునేది) పిన్నులను ఒక జంపర్‌తో కలపండి. అంతే. బోర్డులోనే ఉన్న చిప్‌ను పరీక్షించాలంటే ముందు మైక్రోకంట్రోలర్ నోరు మూయించాలి. ఈఎస్‌పీ32లో రీసెట్ పని చేసే ఈఎన్ పిన్నును గ్రౌండ్‌కు, ఆర్డుయినో యూనోలో రీసెట్ పిన్నును గ్రౌండ్‌కు వైరుతో కలిపి ఉంచండి. రీసెట్‌లో ఉన్నంతసేపు అది లైన్‌ను వదిలేస్తుంది. తర్వాత ఈఎస్‌పీ32లో టీఎక్స్, ఆర్ఎక్స్ అని రాసి ఉన్న పిన్నులు, యూనోలో 0, 1 పిన్నులు కలపండి. సీరియల్ మానిటర్ తెరిచి "తిరుపతి" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. అదే మాట కింద తిరిగి రావాలి. బాడ్ రేటు, అంటే బిట్లు పంపే వేగం, ఏదైనా పర్వాలేదు, పంపేదీ అందుకునేదీ ఒకే చిప్ కాబట్టి.

రాలేదా, తప్పు మీ వైపునే ఉంది: కేబుల్, డ్రైవర్, పోర్టు ఎంపిక, దుబాసీ చిప్. వచ్చిందా, ఇక వాటి జోలికి పోవద్దు. తప్పు అటువైపు ఉంది. విండోస్ మళ్లీ వేసిన ఆ అమ్మాయికి ఈ పరీక్ష తెలిసి ఉంటే విండోస్ జోలికే పోయేది కాదు. ఆ రోజు మా బల్ల మీద ఆమె చేతే చేయించాను. తాను కొట్టిన పేరు తనకే తిరిగి రావడం చూసి, "అయితే కంప్యూటర్‌ది తప్పు కాదన్నా" అంది.

ఐదో మెట్టు: తీగలు, వోల్టేజీ

విడి అడాప్టర్‌తో ఎక్కించేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. ఒకరి టీఎక్స్ ఇంకొకరి ఆర్ఎక్స్‌కు పోవాలి. ఒకరు మాట్లాడేది ఇంకొకరు వినాలి కదా. రెండింటి గ్రౌండ్ కలవాలి. గ్రౌండ్ కలపకుండా రెండు తీగలే కలిపి పిచ్చి అక్షరాలు వస్తున్నాయని వచ్చేవాళ్లు ఉంటారు.

పిన్నుల మీద పేరు లేకపోయినా మీటర్ చెప్పేస్తుంది. సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు టీఎక్స్ పిన్ను ఎత్తులో ఉంటుంది. నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కు పెట్టి ఎర్ర ప్రోబ్ తాకిస్తే ఈఎస్‌పీ32లో 3.3 వోల్టుల దగ్గర, యూనోలో 5 వోల్టుల దగ్గర నిలకడగా చూపించాలి. సున్నా చూపిస్తే అది టీఎక్స్ కాదు, లేదా చిప్‌కు కరెంటే లేదు.

ఇంకో చక్కని ఉపాయం ఉంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరం "యూ"ను ఆగకుండా పంపే చిన్న ప్రోగ్రాం రాసుకోండి. ఆ అక్షరం కోడ్ బైనరీలో 01010101. ముందు స్టార్ట్ బిట్, వెనక స్టాప్ బిట్ కలిస్తే లైన్ మీద సున్నా, ఒకటి, సున్నా, ఒకటి అని సరిగ్గా సగం సగం నడుస్తుంది. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి 3.3 వోల్టుల లైన్ మీద సుమారు 1.65 కనిపించాలి. ఆసిలోస్కోపు లేని చోట డేటా పోతోందని కంటితో చూడటానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. అవతలి చివర కూడా అదే 1.65 వస్తే తీగ మంచిది.

5 వోల్టుల టీఎక్స్‌ను ఈఎస్‌పీ32 ఆర్ఎక్స్‌కు నేరుగా పెట్టకండి. మధ్యలో 1 కిలో ఓమ్ పెట్టి, ఆర్ఎక్స్ దగ్గర్నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్ పెడితే 5 వోల్టులు 3.33కు దిగుతాయి.

కరెంటు సంగతీ ఇక్కడే చూడండి. బోర్డు మీద 5 వోల్టుల పిన్ను, 3.3 వోల్టుల పిన్ను రెండూ కొలవండి. చాలా ఈఎస్‌పీ32 బోర్డుల్లో ఉండే ఏఎమ్ఎస్1117 రెగ్యులేటర్ తనలోనే 1.1 నుంచి 1.3 వోల్టుల దాకా మింగుతుంది. సన్నని పొడవాటి కేబుల్ వల్ల 5 కాస్తా 4.4కు దిగితే 3.3 నిలబడదు. వైఫై మొదలయ్యే క్షణంలో ఇంకా పడిపోతుంది, "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" (వోల్టేజీ పడిపోయింది) అని వచ్చి బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. ఈఎస్‌పీ32కు కనీసం 500 మిల్లీయాంపులు ఇవ్వగల సప్లై కావాలి. సిమ్800ఎల్ లాంటి జీఎస్ఎమ్ మాడ్యూల్ అయితే నెట్‌వర్క్‌కు తగులుకునే క్షణంలో 2 యాంపుల దాకా లాగుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద నడపాలని చూడకండి, విడి సప్లై ఇచ్చి గ్రౌండ్ మాత్రం కలపండి.

ఆరో మెట్టు: చిప్‌ను వినే స్థితిలోకి తేవడం

ఎక్కువ రోజులు తినేది ఈ మెట్టే. మైక్రోకంట్రోలర్ ఎప్పుడూ కొత్త ప్రోగ్రాం కోసం చెవి ఒగ్గి ఉండదు. రీసెట్ అయిన కొద్ది క్షణాలు మాత్రమే, అదీ షరతులు కుదిరితేనే, వింటుంది.

ఈఎస్‌పీ32లో షరతు జీపీఐఓ0 అన్న పిన్ను. రీసెట్ వదిలే క్షణంలో ఆ పిన్ను గ్రౌండ్‌కు దిగి ఉంటే డౌన్‌లోడ్ మోడ్, పైన ఉంటే పాత ప్రోగ్రాం నడపడం. దీన్ని కంప్యూటరే తనంతట చేయడానికి దుబాసీ చిప్‌లో డీటీఆర్, ఆర్‌టీఎస్ అనే రెండు కంట్రోల్ గీతలను రెండు చిన్న ట్రాన్సిస్టర్ల ద్వారా ఈఎన్‌కు, జీపీఐఓ0కు కలుపుతారు. ఆ టైమింగ్ కొన్ని బోర్డుల్లో కుదరదు. అప్పుడే స్క్రీన్ మీద "కనెక్టింగ్" పక్కన చుక్కలు, కింద గీతలు పడుతూ పోయి, చివరికి "ఫెయిల్డ్ టు కనెక్ట్" అని ఆగుతుంది.

ముందు చేత్తో చేయండి. బూట్ బటన్ నొక్కి పట్టుకోండి. పట్టుకునే ఉండి ఈఎన్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. ఇప్పుడు బూట్ వదలండి. సీరియల్ మానిటర్ 115200లో తెరిచి ఉంటే "వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్" అన్న మాట కనిపిస్తుంది. ఆ మాట చూశారంటే చిప్ బతికే ఉంది, టీఎక్స్ దారి బాగుంది, బూట్ పిన్ను బాగుంది, మూడూ ఒకేసారి తేలాయి. మానిటర్ మూసి అప్‌లోడ్ కొట్టండి. ఇలా చేత్తో ఎక్కి, తనంతట ఎక్కకపోతే ఈఎన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు ఈఎన్ వైపు. రీసెట్ పైకి లేవడం కొంచెం ఆలస్యమై, ఆలోపు జీపీఐఓ0 కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇక ఆ అమ్మాయి బోర్డు. బూట్ నొక్కి పట్టుకుంటే "వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్" వస్తోంది. వదిలేసి ఈఎన్ నొక్కితే మాత్రం "ఫ్లాష్ రీడ్ ఎర్ర్, 1000" అని ఒకే లైను మళ్లీ మళ్లీ. "కార్డు వైర్లు ఒక్కొక్కటే పీకు. ప్రతి వైరుకూ ఈఎన్ ఒకసారి నొక్కు" అన్నాను. పసుపు వైరు పీకింది, అదే లైను. నీలం పీకింది, అదే లైను. తెల్ల వైరు పీకి ఈఎన్ నొక్కగానే తన ప్రోగ్రాం పలకరింపు వచ్చింది. తెల్ల వైరు పోయింది జీపీఐఓ12కు. ఆ పిన్ను బూట్ అయ్యేటప్పుడు పైన ఉంటే, ఫ్లాష్ మెమరీకి 3.3 కాకుండా 1.8 వోల్టులు ఇవ్వమని చిప్‌కు చెప్పినట్టు. కార్డు మాడ్యూల్‌లో ఉన్న పుల్-అప్ రెసిస్టర్ ఆ పిన్నును పైకి లాగి పట్టుకుంది. 1.8 వోల్టులకు ఆ ఫ్లాష్ చదవబడదు. వైరును వేరే పిన్నుకు మార్చి, కోడ్‌లో ఒక అంకె మార్చాం.

కాబట్టి ఈఎస్‌పీ32కు ఏదైనా తగిలించే ముందు ఈ పిన్నులు గుర్తుంచుకోండి. జీపీఐఓ0ను ఏదీ కిందికి లాగకూడదు. జీపీఐఓ2 డౌన్‌లోడ్ వేళ కింద గానీ వదిలేసి గానీ ఉండాలి. జీపీఐఓ12ను ఏదీ పైకి లాగకూడదు. జీపీఐఓ15 కింద ఉంటే బూట్ మెసేజ్‌లు అసలు రావు, చిప్ చచ్చిందని భయపడతారు. జీపీఐఓ1, 3 అన్నవి ప్రోగ్రాం ఎక్కే దారే. అక్కడ జీపీఎస్సో జీఎస్ఎమ్మో పెట్టి ఉంటే ఎక్కించేటప్పుడు పీకేయండి. శాశ్వతంగా కావాలంటే ఈఎస్‌పీ32లో మూడు యూఆర్ట్‌లు (సీరియల్ దారులు) ఉన్నాయి, వేరేది వాడుకోండి. అనుమానం వస్తే బోర్డు మీద ఏ వైరూ లేకుండా, ఒట్టి బోర్డుకు ముందు ఎక్కించి చూడండి.

బూట్ మెసేజ్‌లో ఇంకో రెండు గుర్తులు. బూట్ పక్కన 0ఎక్స్13 ఉంటే మామూలుగా నడుస్తోంది. "ఇన్వాలిడ్ హెడర్" పక్కన వరుసగా ఎఫ్‌లు ఉంటే ఫ్లాష్ ఖాళీగా ఉంది. అది జబ్బు కాదు, ప్రోగ్రాం ఎక్కిస్తే పోతుంది.

ఆర్డుయినో యూనో, నానోలలో కథ కొంచెం తేలిక. డీటీఆర్ గీత 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా రీసెట్‌ను ఒక్క క్షణం కిందికి లాగుతుంది, కొత్త ప్రోగ్రాంను అందుకునే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం సుమారు ఒక సెకను వింటుంది. "నాట్ ఇన్ సింక్" అని పది ప్రయత్నాలు వరుసగా పడితే మొదట 0, 1 పిన్నుల్లో బ్లూటూత్ మాడ్యూల్ ఉందేమో చూసి పీకండి. నానో అయితే టూల్స్‌లో ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకుని చూడండి. పాత బూట్‌లోడర్ 57600లో, కొత్తది 115200లో మాట్లాడతాయి, తేడా అంతే. అదీ కాకపోతే రీసెట్ నొక్కి "ఎల్" అని రాసి ఉన్న లైటు చూడండి. ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ ఉన్న బోర్డులో అది చకచకా మిణుకుతుంది. అసలు మిణకకపోతే బూట్‌లోడర్ పోయి ఉండవచ్చు. ఇంకో యూనోను ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌గా (బూట్‌లోడర్ లేకుండానే చిప్‌లోకి రాసే పరికరంగా) మార్చి, 10, 11, 12, 13 పిన్నుల ద్వారా మళ్లీ ఎక్కించవచ్చు. అప్పుడు ప్రోగ్రామర్ యూనో రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ పెట్టడం మరిచిపోకండి, లేకపోతే అదే రీసెట్ అయిపోతుంది.

సొంత యూఎస్‌బీ ఉన్న లియొనార్డో, ఈఎస్‌పీ32-ఎస్3, సీ3 లాంటివాటిలో రీసెట్ వేళ పోర్టు మాయమై వేరే నంబరుతో రావచ్చు. పోర్టు మళ్లీ ఎంచుకోండి. ఎస్3, సీ3లలో ప్రోగ్రాం ఎక్కినా మానిటర్ ఖాళీగా ఉంటే టూల్స్‌లో "యూఎస్‌బీ సీడీసీ ఆన్ బూట్" ఆన్ చేయండి.

ఏడో మెట్టు: ఎక్కుతోంది, మధ్యలో తెగుతోంది, లేదా పిచ్చి అక్షరాలు

కొంత శాతం దాకా పోయి ఆగితే వేగం తగ్గించండి. ఆర్డుయినో ఐడీఈలో ఈఎస్‌పీ32 అప్‌లోడ్ వేగం 921600గా ఉంటుంది. దాన్ని 115200 చేయండి. 921600లో ఒక్కో బిట్‌కు ఉన్న వ్యవధి సుమారు 1.09 మైక్రోసెకన్లు, 115200లో 8.68. నాసి కేబుల్‌కు రెండోది ఓర్చుకోగలిగినంత. ఎక్కడానికి ఇంకొంత సమయం పడుతుంది, పడనివ్వండి.

మానిటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటు కుదరలేదని అర్థం. కోడ్‌లో రాసినదీ మానిటర్‌లో ఎంచుకున్నదీ ఒకటే ఉండాలి. ఈఎస్‌పీ8266 బూట్ మెసేజ్‌లు మాత్రం 74880 అనే విచిత్రమైన వేగంలో వస్తాయి. మొదటి నాలుగు లైన్లు పిచ్చిగా వచ్చి తర్వాత బాగుంటే కంగారు పడనక్కర్లేదు. రేటు కుదిరినా అప్పుడప్పుడు అక్షరం తప్పుతుంటే చిప్‌ల గడియారాల తేడా చూడాలి. 16 మెగాహెర్ట్జ్ యూనో 115200 అనుకుని నిజానికి 117647లో పంపుతుంది, 2.1 శాతం ఎక్కువ. అవతలిది కూడా కాస్త అటూఇటూ ఉంటే పది బిట్లు పూర్తయ్యేసరికి తప్పటడుగు పడుతుంది. 9600లో ఈ తేడా 0.2 శాతమే. అందుకే జీఎస్ఎమ్ మాడ్యూల్‌తో సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడేటప్పుడు నేను 9600 దాటను. ఆ మాడ్యూల్‌కు "ఏటీ" పంపితే జవాబు రాకపోతే మానిటర్ కింద లైన్ ఎండింగ్ చూడండి. "బోత్ ఎన్ఎల్ అండ్ సీఆర్" ఉండాలి.

తోటలోకి తీసుకెళ్లే ముందు

బల్ల మీద బాగా నడిచి, స్టార్టర్ బాక్సులో పెట్టాక రీసెట్ అయ్యే బోర్డులకు కారణం చాలాసార్లు మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ కాయిల్. అది తెగే క్షణంలో పుట్టే పెద్ద వోల్టేజీ పోటు సీరియల్ తీగల్లోకి దూకుతుంది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ వరుసగా కలిపిన, ఆ పోటును మింగే స్నబ్బర్ పెట్టించండి. ఇది ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. సీరియల్ తీగలు పొట్టిగా ఉంచి, కరెంటు తీగల నుంచి దూరంగా పంపండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు రేకు బాక్సు లోపల ఇంకా వేడి, వదులుగా గుచ్చిన జంపర్లు అక్కడ నిలవవు. సోల్డర్ చేసిన తీగలే పెట్టండి.

మూత మూసే ముందు గ్రౌండ్, 3.3 వోల్టులు, టీఎక్స్, ఆర్ఎక్స్, ఈఎన్, జీపీఐఓ0 ఆరు పిన్నులూ ఒక హెడర్‌కు బయటికి తీసి పెట్టండి. మూత లోపలి వైపు చిన్న కాగితం అంటించి, ఏ పిన్ను ఏది, బాడ్ రేటు ఎంత, ఏ బోర్డు ఎంచుకోవాలి, ఏ తేదీ ప్రోగ్రాం అన్నది పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా ఎండకు వెలిసిపోతుంది, పెన్సిల్ రాత అట్లాగే నిలబడుతుంది. ఆ అమ్మాయి బాక్సులో కాగితం మీద అన్నిటికంటే పైన పెద్ద అక్షరాలతో ఉన్న లైను: "12కు ఏదీ తగిలించవద్దు."